కొల్లేరు తివాచీలో అతుకు

మా ఏలూరులో ఈ కథ ఎలా చెబుతారంటే, నేను మీట నొక్కానట, కంప్యూటర్ బొమ్మ గీసిందట, తివాచీ నేసే పెద్దాయన పొరపాటు చేస్తే నేను సరిదిద్దానట. మూడూ తప్పే.

తాడేపల్లిగూడెంలో కాలేజీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. నాకు కోడ్‌తో కొల్లేరు గీయాలనిపించింది: గుర్రపు డెక్క పచ్చ, దాని పూల ఊదా, వరద నీటి ఎరుపు. బొమ్మను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, పాచికలు వేసినట్టు ఏ గడికి ఏ రంగు పడితే ఆ రంగు ఇస్తే ఎవరో పసుపూ కుంకుమా చల్లిపోయినట్టుంటుంది. అందుకని నాయిస్ అనే లెక్క వాడాను. అందులో ప్రతి గడీ పక్క గడిని చూసి నడుచుకుంటుంది. ఒక్కసారిగా మారదు, అలాగని ఒకేలా ఉండదు. నీళ్లూ అంతే. దాన్ని కొల్లేరు చేయడానికి మూడు నెలలు పట్టింది. మీట నొక్కడానికి అంతసేపా?

ఊళ్లో చిత్రాల ప్రదర్శన పెట్టే డ్రాయింగు మాస్టారు చూసి నవ్వారు.

"బాగుందండి మేడం గారూ. కానీ మీరు గీసింది కాదు కదండీ. చేత్తో చేసినవే తీసుకుంటామండి."

"చేత్తోనే వస్తుంది. గోడ మీద చోటుంచండి," అన్నాను. నోరు జారాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

తివాచీ నేసే పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఒక గడికి ఒక ముడి. బొమ్మ పెద్దది కావడంతో రెండు కాగితాల మీద అచ్చు వేసి, ఎర్ర స్కెచ్‌పెన్‌తో ఒకటి, రెండు అని లావుగా రాసిచ్చాను. కింది సగం ఒకటి, పై సగం రెండు.

ప్రదర్శనకు రెండు వారాలుందనగా వెళ్లి చూశాను. సగం దాటి జానెడు పైకి నేశారు. ఆ జానెడంతా కింది బొమ్మే, తలకిందులుగా!

"బాబాయ్‌గారూ, రెండో కాగితం ఏదండీ?"

"పెట్టెలో దాచానమ్మా. మొదటిది చిరిగితే పనికొస్తుందని."

"అది వేరే బొమ్మండీ!"

"ఇన్నేళ్లుగా మాకు సగం బొమ్మే ఇస్తారమ్మా. రెండో సగమంటే అదే బొమ్మను తిరగేసి నేయడమే, చేతికి తెలుసు."

"ఇది పూలతీగ కాదు, కొల్లేరు! సరస్సుకు రెండు సగాలూ ఒకటే ఉంటాయా?"

"అరుస్తే ముళ్లు ఊడవమ్మా. నేసింది విప్పను. టైమూ లేదు. కంప్యూటర్ మీదే కదా, దాన్ని విప్పండి."

ఒళ్లు మండింది. కానీ ఇంటికొచ్చాక ఆ మాటే పట్టుకున్నాను. తలకిందులైన ఆ జానెడూ, ఫోటోలో చూస్తే, గట్టు నీడ నీళ్లలో పడ్డట్టుంది. ఆయన చివరి వరసలోని రంగులన్నీ గడి గడిగా టైపు చేశాను. ఆ వరస నుంచి ఆయన రంగులు మెల్లమెల్లగా వదులుతూ, నా నాయిస్ మెల్లమెల్లగా అందుకునేలా కోడ్ తిరగరాశాను. ఆయన తప్పును నేను దిద్దలేదు. నా లెక్కనే ఆయన ముడికి వంచాను. ఒంగింది!

కొత్త కాగితం చూసి పెద్దాయన వేలితో వరసలు తడిమారు. "ఇప్పుడు పారుతోందమ్మా," అన్నారు.

ప్రదర్శనలో నడి గోడ మీద వేలాడింది మా తివాచీయే. "ఆయన నేత ఆగి నా లెక్క మొదలైన అతుకెక్కడో చూపించండి," అన్నాను డ్రాయింగు మాస్టారితో. రెండు చోట్ల వేలు పెట్టారు, రెండూ తప్పే. వెనక్కి తిప్పి కూడా చూశారు పాపం. కొల్లేటికోట నుంచి వచ్చిన చేపలమ్మే ఒకావిడ మాత్రం వాళ్లాయన్ని మోచేత్తో పొడిచింది. "చూడండి, వరద తీశాక మన నీళ్లు ఇట్టాగే ఉంటాయి కదండీ!" నాకు ఆ మాట చాలు. మాస్టారు మళ్లీ 'గీసింది మీరు కాదు' అనలేదు.

కానీ ఒక్క అనుమానం మిగిలింది. పెద్దాయన్ని ఎప్పుడడిగినా "టీ తాగండమ్మా" అని మాట దాటేస్తారు. ఇక్కడే అడుగుతున్నాను. బాబాయ్‌గారూ, అంత లావున 'రెండు' అని రాసిన కాగితాన్ని మీరు నిజంగా చూడకుండానే పెట్టెలో పెట్టారా, లేక నా లెక్క ఎంతవరకు వంగుతుందో చూద్దామనుకున్నారా?