కంట్రోల్ మడికి లైన్ క్లియర్

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. దోమ కుడితే గద్ద తన్నుకుపోయిందని చెప్పే రకం నేను. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది, మిగిలిన సగాన్ని నమ్మదు. మీరూ అలాగే చదవండి.

ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తూ నేనో కొత్త వరి రకం తయారుచేశాను. ఏళ్ల తరబడి బురదలో వంగి, ఒక్కొక్క కంకీ ఎంచాను. ప్రశ్నార్థకం ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే నా నడుం చూపిస్తే చాలు. ఆ ఖరీఫ్‌లో దానికి చివరి పరీక్ష. నెగ్గితే విత్తనంగా అమ్ముడవుతుంది. ఓడితే మిల్లుకెళ్లి బియ్యమైపోతుంది, అంతటితో దాని వంశం ఆఖరు.

బిల్హా దగ్గర కౌలు పొలంలో పరీక్ష. ఒక చివర నేల వెన్న, ఇంకో చివర ఇనుము. అందుకని పొలాన్ని నాలుగు బ్లాకులు చేసి, ప్రతి బ్లాకులోనూ ఏ మడిలో ఏ రకమో చీట్లు తీసి తేల్చాం. సొంత వరికి మంచి మడి ఇచ్చుకోవాలని నాలాంటివాడి చెయ్యి దురద పెడుతుంది కదా, దానికి మందు ఈ చీట్లు. కొత్త రకాలను పోల్చి చూడటానికి రైతులు ఎప్పుడూ వేసే పాత వరి కూడా ప్రతి బ్లాకులో ఒక మడిలో ఉంటుంది. మా భాషలో అది కంట్రోల్. నీళ్లూ ఎరువూ అన్నిటికీ ఒకేలా అందాలి, లేకపోతే పరీక్షే లేదు. మడి మడికీ బోర్డు పాతాం.

నీళ్లు పెట్టడానికి మా బావని కుదిర్చాను. రైల్వేలో రిటైరై, తిఫ్రాలో మా పక్కింట్లో కూర్చుని, లేటైన ప్రతి బండినీ సొంత అల్లుణ్ణి తిట్టినట్టు తిట్టే మనిషి.

పంట పొట్ట మీదుండగా వాన మొహం చాటేసింది. కాలువలో పిచ్చుక మునగడానికి కూడా నీళ్లు లేవు. కోతలయ్యాక తూకం వేస్తే, పాత వరి ప్రతి బ్లాకులోనూ నా వరి నెత్తినెక్కి కూర్చుంది. అనుమానం వచ్చి బావని అడిగాను.

"నీళ్లు తక్కువైనప్పుడు ఏ మడికి పెట్టేవు బావా?"

"ఏటా ప్రశ్న? ముందు కంట్రోల్‌కే. మిగిల్తే మిగతావోటికి."

"ఎందుకూ?"

"ఎందుకేటి! బతుకంతా డ్యూటీ సేసినోణ్ణి బామ్మర్దీ. బండ్లన్నీ నడిపించే కంట్రోలాఫీసు నుంచి ఫోనొస్తే మెయిలు బండైనా నిలబడిపోవాల. నువ్వేమో బోర్డు మీద అంతంత అచ్చరాలు రాసీసేవు. పెద్దాఫీసోల్ల మడి కాబోలనుకున్నాను. ఆల్ల మడి ఎండబెడితే నీ ఉద్యోగం ఊడిపోదేటి?"

"అది పాత వరి బావా!"

"అచ్ఛా! మరి పాత వరని రాసి సావొచ్చు కదేటి?"

నా ఉద్యోగం కాపాడాననుకుని నా వరిని ఎండబెట్టాడు. పైగా అక్క రెండు ఇళ్ల మధ్య గోడ మీంచి నన్నే తిట్టింది, ఆయనతో ముందే చెప్పొద్దా అని. ఆ తిట్లకు సిర్గిట్టీ ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఆగిపోయాయి.

వ్యాపార్ విహార్‌లోని మా ఆఫీసుకు పరుగెత్తి మేనేజరుతో చెప్పాను.

"నీళ్లు సమానంగా అందలేదు సార్. ఈ లెక్క చెల్లదు. ఇంకో ఖరీఫ్ ఇవ్వండి."

ఆయన కుర్చీలోంచి లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ కష్టం నాకు తెలియదాండీ? పైవాళ్లతో నేను పోట్లాడతాను" అన్నాడు. పోట్లాడాడు కూడా. పైవాళ్లు వినలేదు. నా వరి బస్తాలు మిల్లుకెళ్లిపోయాయి.

బావ మాటలు నిజం. మిల్లూ నిజం. భుజం మీద చెయ్యీ, పైవాళ్లతో పోట్లాటా మాత్రం నేను కల్పించినవి. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ చూసుకుంటూనే, "కంట్రోల్‌ని దాటలేదు కదా, ఇంకేముంది?" అన్నాడు.