పదకొండు గంటల నీళ్ళు

2016 జూన్ నెలాఖరులో నన్ను సూరత్ యూనిట్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ కెమిస్ట్. పల్సానా, సచిన్ అనే రెండు ఊళ్ళ మధ్య మా ప్రభుత్వ రంగ సంస్థ కట్టుకున్న ఉద్యోగుల టౌన్‌షిప్‌లోనే నీటి ప్రయోగశాల ఉండేది. తాగే నీరు, బాయిలర్లకు వెళ్ళే నీరు, మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీరు, టౌన్‌షిప్ దక్షిణపు అంచున ఉన్న చెరువు నీరు. ఈ నాలుగింటికీ నెలనెలా నివేదిక తయారుచేసి సంతకం పెట్టడం నా పని. మొదటి మూడింటిలో ఏ చిన్న తేడా వచ్చినా ఫోన్లు మోగేవి. నాలుగోదాని గురించి ఎవరూ అడిగేవారు కాదు. నేను రాయబోయేది ఆ నాలుగోదాని సంగతి. 2018 మార్చి నుంచి మే దాకా జరిగింది. ఆ ఏడాది డైరీ పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

చెరువు ముప్పై ఎకరాలు ఉండేది. చుట్టూ నడక దారి, ఒక రేవు, ఆరు పెడల్ పడవలు. చలికాలంలో బాతులూ, తెల్ల ముక్కున్న నల్లటి నీటికోళ్ళూ వందలుగా దిగేవి. నిర్వహణ సరోవర కమిటీది. టౌన్‌షిప్ వాళ్ళూ, గోడ అవతలి హౌసింగ్ సొసైటీల వాళ్ళూ కలిసి దాన్ని నడిపేవారు. అధ్యక్షుడు దేశాయిగారు ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున్నే ఒక సంచీ పట్టుకుని దారి పొడుగునా ప్లాస్టిక్ ఏరుకుంటూ నడిచేవారు. ఆయన చెడ్డవాడని ఈ రాతలో ఎక్కడైనా అనిపిస్తే అది నా రాతలోని లోపం.

వాన నీటితో నిండే ఆ చెరువు ఫిబ్రవరికల్లా మూడడుగులు దిగిపోయేది. పడవలు బురదలో కూర్చునేవి. అందుకని కమిటీ కోరిక మీద, అంతకుముందు తోటలకు పోయే శుద్ధిచేసిన మురుగునీటిని చెరువులోకి మళ్ళించారు. ఆ నీరు పరిమితుల్లోనే ఉందని ధ్రువీకరించింది నేనే. శుద్ధిచేసిన నీటికి కంపు ఉండదు, కంటికి మురికి కనిపించదు. కానీ అందులో నత్రజని, భాస్వరం మిగిలే ఉంటాయి. పొలంలో అవి పైరుకు ఎరువు, చెరువులో నాచుకు ఎరువు. దీనికి తోడు చేపలకు గోధుమపిండి ఉండలు వేయడం అక్కడివాళ్ళు పుణ్యంగా భావిస్తారు. నడకకు వచ్చేవాళ్ళలో సగం మంది చేతుల్లో పిండి డబ్బాలుండేవి. రెండేళ్ళలో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా మారాయి. ఫొటోల్లో చాలా బాగుండేది.

ఏటా పెరిగే గుర్రపుడెక్కను తీయడానికి కమిటీకి మనుషులు దొరకలేదు. సూరత్ శివారులోని ఉన్‌లో ఉంటూ మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్ళు ఆరుగురు ఒప్పుకున్నారు. కూలికి బదులు చెరువులో చేపపిల్లల్ని వదిలి, పెరిగాక పట్టుకునే అనుమతి తీసుకున్నారు. వాళ్ళకు పెద్ద రాజమల్లు. వేములవాడ వైపు మనిషి, నలభై అయిదేళ్ళు ఉండేవి. ఇరవై ఏళ్ళుగా మగ్గాలు నడుపుతున్నా పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. అనుమతి కాగితంలో ఒక షరతు ఉంది. చేపలు పట్టడం, తీసుకుపోవడం ఉదయం ఆరులోపు ముగించాలి. నడకకు వచ్చే శాకాహారుల కంట చచ్చిన చేప పడకూడదు. రాజమల్లుకు అది ఇబ్బంది కాలేదు, ఏడింటికి ఎలాగూ అతని షిఫ్టు మొదలు.

“దొంగలోలె వస్తం, దొంగలోలె పోతం సారు,” అనేవాడు. “కాకపోతే కాగితం మీద సంతకం పెట్టిన దొంగలం.”

ఇక నా పరీక్ష సంగతి. ప్రతి మంగళవారం ఫ్యాక్టరీ నమూనాలు తీయడం అయ్యాక ల్యాబు జీపు చెరువు దగ్గరికి వచ్చేది. రేవు మీద నుంచి ఒక సీసాను అడుగు లోతుకు దించి, గాలి బుడగ లేకుండా నింపి, అక్కడికక్కడే రెండు ద్రావణాలు కలపాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఎంత ముదురు రంగయితే అంత ఎక్కువ ఉన్నట్టు. అసలు లేకపోతే మడ్డి తెల్లగా ఉంటుంది. ఆ తర్వాత ల్యాబులో ఖచ్చితమైన అంకె తేలుస్తాం. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు ఉంటే చేప బతుకుతుంది. నా రిజిస్టరులో ఏడు, ఎనిమిది, ఒక్కోసారి పది కూడా వచ్చేది.

మార్చి మొదటి మంగళవారం రేవు దగ్గర రాజమల్లు నాకోసం కాచుకుని ఉన్నాడు. ఆ రోజు మగ్గాలకు కరెంటు సెలవు.

“సారు, వారం సంది చేపలు పొద్దుగాల మీదికొస్తున్నయి. నోర్లు తెరిసి కొట్టుకుంటున్నయి. నీళ్ళల్ల దమ్ము లేదు.”

నేను అప్పుడే నింపిన సీసా చూపించాను. మడ్డి కాఫీ పొడి రంగులో దిగుతోంది. కావలసిన దానికి రెట్టింపు ఉందని చెప్పాను. చేపలు పిండి కోసం పైకి వస్తుంటాయన్నాను.

“పిండి ఏసేటోళ్ళు ఆరు దాటినంక గద వచ్చేది. నాలుగున్నరకు ఎవలేస్తరు సారు, దయ్యాలా?”

నేను సీసా వైపే మళ్ళీ వేలు చూపించాను.

“మీ సీసల నీళ్ళు మంచిగనే ఉన్నయి, నేను కాదంటలేను,” అన్నాడు. “జర ఒక్కనాడు నాతోని పొద్దుగాల రాండ్రి.”

వస్తానన్నాను. ఆ నెల డైరీలో మూడు చోట్ల ‘రాజమల్లుతో తెల్లవారుజామున చెరువుకు’ అని రాసి ఉంది. మూడింటి కిందా ‘వీలు కాలేదు’ అని ఉంది. పనివేళల బయట జీపు కావాలంటే మేనేజరు అనుమతి కావాలి, అది నేను చెప్పుకున్న కారణం. నా క్వార్టరు నుంచి చెరువుకు నడిచి వెళితే పది నిమిషాలు.

అతను చెప్పినదానికి కారణం నాకు తెలియనిది కాదు. నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక తానే పీల్చుకుంటుంది. నాచు ఎక్కువైన చెరువులో పగలు ఉండవలసిన దానికంటే ఎక్కువ, తెల్లవారేముందు దాదాపు సున్నా. డిగ్రీ రెండో ఏట చదివిన పాఠం. మంగళవారం మంగళవారం అంత మంచి అంకెలు వస్తుంటే ఆ పాఠం ఈ చెరువుకు వర్తిస్తుందని తోచలేదు. ఆ అంకెలు అంత ఎక్కువగా ఉండటమే నాచు ముదిరిందనడానికి గుర్తు. నేను దాన్ని ఆరోగ్యం కింద జమకట్టాను.

ఏప్రిల్‌లో కమిటీ సమావేశానికి రాజమల్లు వచ్చాడు. నన్నూ పిలిచారు. రెండు నెలలు మురుగు శుద్ధి నీటిని ఆపేయమని, నీళ్ళు దిగితే దిగనిమ్మని, ఈలోగా తన మనుషులు నాచు ఎత్తిపోస్తారని హిందీలో చెప్పాడు. అంటే వేసవి సెలవుల్లో పడవలు తిరగవు. దేశాయిగారు నా వైపు తిరిగారు.

“రావ్ సాబ్, మీ అంకె ఏమంటోంది?”

అయిదు మంగళవారాల అంకెలు చదివాను. దేశాయిగారు రాజమల్లుతో మర్యాదగానే అన్నారు, “భాయ్, ఆయన పరీక్ష చేసి చెబుతున్నారు. నువ్వు చేప మొహం చూసి చెబుతున్నావు.”

అందరూ నవ్వారు. రాజమల్లూ నవ్వి, “చేప మొహం మీలో ఎవరైనా చూస్తేగా సేఠ్, నేను అబద్ధమాడుతున్నానని తేలేది,” అన్నాడు. దానికీ నవ్వారు. కోరిక తిరస్కరించినట్టు మినిట్స్‌లో రాశారు. రాజమల్లు చెప్పిన వేళకు ఒక్కసారి కొలిచి చూద్దామని నేను ఆ గదిలో ఒక్క మాట అని ఉండవచ్చు. అనలేదు.

మే నెల మూడో వారంలో రెండు రోజులు మబ్బు పట్టింది. గాలి ఆడలేదు. ఎండ లేక నాచు పగలు కూడా పనిచేయలేదు. శనివారం ఉదయం అయిదుకు ఫోన్ వచ్చింది.

“రాండ్రి సారు. అయిపోయింది.”

రెండు సీసాలు, ద్రావణాలు సంచీలో వేసుకుని నడిచి వెళ్ళాను. ఒడ్డు పొడుగునా బొచ్చె, రవ్వ చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి. గట్టు కింద కొర్రమట్టలు మాత్రం బతికే ఉన్నాయి. ఆ జాతి చేప పైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు. సీసా దించి ద్రావణాలు కలిపాను. మడ్డి తెల్లగా, విరిగిన పాలలా దిగింది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చెరువు నీళ్ళలో ఆ తెలుపు చూడటం అదే మొదలు.

“గిదేంది, రంగు రాలే?” అని అడిగాడు రాజమల్లు.

రాలేదన్నాను. షరతు ప్రకారం ఆరులోపు చచ్చిన చేప కనబడకూడదు కనక, అతను తన అయిదుగురితో కలిసి చేపల్ని గోనెసంచుల్లోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఎన్నని ఎత్తుతారు? ఆరయింది. నడకకు వచ్చినవాళ్ళు చూసిందేమిటంటే, ఆరుగురు మగ్గాల పనివాళ్ళు గోనెసంచుల నిండా చేపలు నింపుతున్నారు. ఎనిమిది అయ్యేసరికి టౌన్‌షిప్ అంతా ఒకే మాట. నీళ్ళలో మందు కలిపి చేపల్ని చంపారు.

కమిటీ విచారణ పెట్టింది. రాజమల్లు ఒక్కటే వాదించాడు. మందు కలిపితే కొర్రమట్టలూ చచ్చేవి, అవి బతికి ఉన్నాయి, వచ్చి చూడండి. అది అక్షరాలా సరైన వాదన. దేశాయిగారు నిజాయితీగానే ఇబ్బంది పడుతూ, “మాకు చేపలన్నీ ఒకలాగే ఉంటాయి భాయ్,” అన్నారు. చూడటానికి ఎవరూ రాలేదు.

తెల్ల మడ్డి గురించి నేను ఆ రోజే రెండు పేజీల నివేదిక రాసి మేనేజరుకు ఇచ్చాను. ఆ నమూనా నిర్ణీత వేళలో తీసింది కాదు, సంస్థ తరఫు సాక్షి లేడు, కాబట్టి రిజిస్టరులో ఎక్కించడానికి వీల్లేదని ఆయన దాని మీద రాశారు. విధానం ప్రకారం ఆయన రాసింది తప్పు కాదు. కమిటీ గడచిన ఏడాది రిజిస్టరు నకలు అడిగింది. ‘ఈ అంకెలు నిర్ణీత పద్ధతిలో తీసినవి, సరైనవి’ అని కింద నా సంతకం కావాలన్నారు. అంకెలు సరైనవే. సంతకం పెట్టాను. ఆ తర్వాతి మంగళవారం మబ్బు విడిపోయింది, రేవు దగ్గర మళ్ళీ ఎనిమిది వచ్చింది. దాన్నీ జతచేశారు. ముందూ వెనకా నీళ్ళు బాగున్నాయి కాబట్టి చేపలు చావడానికి బయటి మందే కారణమని తేల్చారు. ఆరుగురి అనుమతి రద్దయింది. గేటు దగ్గర వాళ్ళ పేర్లు అంటించారు. పోలీసు ఫిర్యాదు వద్దని దేశాయిగారే ఆపారు. అది వాళ్ళ మీద దయ అని ఆయన నమ్మకం.

తీర్మానం అయ్యాక వచ్చిన ఆదివారం ఉన్‌కు వెళ్ళి రాజమల్లును కలిశాను. అతని భార్య కుర్చీ తెచ్చి వేసింది.

“సంతకం పెట్టిండ్రా సారు?”

“పెట్టాను. అంకెలు నిజమే, రాజమల్లూ.”

“నిజమే ఉంటయి. మీరు అబద్ధం రాసెటోళ్ళు గాదు. అబద్ధం రాసెటోడైతే నాలుగు పైసలన్న ఇచ్చి మార్పిద్దును. మీతోని గది గూడ కాదాయె,” అన్నాడు. భార్య మందలించింది. టీ తాగి వచ్చేశాను. ఆ దీపావళికి వాళ్ళు కడోదరా వైపు మకాం మార్చారని విన్నాను. మళ్ళీ కలవలేదు.

గుర్రపుడెక్క తీసేవాళ్ళు లేక ఏడాదిలో సగం చెరువు మూసుకుపోయింది. ఆ చలికాలం నీటికోళ్ళు కొన్ని వచ్చాయి, మరుసటి ఏడు రాలేదు. కంపు వస్తోందని సొసైటీల వాళ్ళు ఫిర్యాదు చేశారు. చెరువును మట్టితో పూడ్చి పార్కింగూ, పిల్లల ఆటస్థలమూ చేశారు. పడవల కోసం మొలలోతు సిమెంటు తొట్టి కట్టి లోపల నీలం రంగు వేశారు. ప్రతి తీర్మానానికీ నేను సంతకం పెట్టిన ఆ రిజిస్టరు నకలే జతచేశారు. తెల్లవారుజామున కూడా నమూనా తీసేలా విధానం మార్చాలని నేను మూడు ఉత్తరాలు రాశాను. 2021లో, నేను రిటైరయ్యే నెలలో ఆమోదం వచ్చింది. అప్పటికి నమూనాలు తీయవలసిన చోట్ల జాబితాలో చెరువు లేదు.

ఛార్జి అప్పగించేటప్పుడు ఆ రిజిస్టరు మొదటి నుంచి తిరగేశాను. మూడో గడి నమూనా తీసిన వేళది. మొదటి పేజీలో ఉదయం పదకొండు గంటలని ఉంది. తర్వాతి పేజీలన్నిటిలో దాని కింద ‘అదే’ గుర్తులు, నా చేతివే. ఏడాదికి రెండుసార్లు ఆడిట్ జరిగేది. ఆ గడి గురించి ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

నీటి పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ప్రతి వరసలో ఒకే మాట ఉన్న గడిని ముందు చదవండి. జీపు ఖాళీ అయ్యే వేళకు కాక, చేపకు ఊపిరి కష్టమయ్యే వేళకు కొలవండి. ఆ వేళ ఏదో తెలియకపోతే అప్పుడు అక్కడుండే మనిషిని అడగండి. అతను రమ్మంటే ఆ రోజే వెళ్ళండి.