మామ రాయి, అత్తమ్మ కల్వం

నక్సలైట్ల కోసం ఊరూరా గాలించే ఆ రోజుల్లో కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల రోడ్ల మీద గడ్డం పెంచిన యూనివర్సిటీ విద్యార్థి బస్సెక్కితే, కండక్టరు కంటే ముందు పోలీసులు పలకరించేవారు. అయినా నేను గడ్డం తీయలేదు (పరిశోధన చేసేవాడికి గడ్డం లేకపోతే ఎవరు నమ్ముతారు?). మనిషి ఒంట్లో పుట్టే స్ఫటికాలు ఎంత వేడికి ఏమవుతాయో కొలవడం నా పని. కోరుట్లలో మా మేనమామ ఆపరేషన్ చేయించుకుని, తన కిడ్నీ రాయిని సీసాలో దాచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. నా చదువు కోసం దాన్ని కళ్ళనీళ్ళతో అప్పగించాడు. వేడి చేయాలంటే ముందు మెత్తగా నూరాలి. మామ చూస్తే తట్టుకోలేడని, వంటింట్లో దొరికిన ఇత్తడి కల్వంలో చాటుగా నూరి, పొడిని సీసాలో పోసుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

ఊరు దాటకముందే బస్సు ఆపారు. సంచిలో సీసా చూసి ఎస్సై కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏందిరా గీ పొడి? వేడి చేస్తే ఏమైతది?"

"గదే సార్, చూడాలె!" అన్నాను సంబరంగా. నా పరిశోధన గురించి అంతవరకు ఎవరూ అంత సూటిగా అడగలేదు మరి.

ఆ సంబరం ఠాణా గడప దాకానే. అప్పట్లో అలా లోపలికి పోయి బయటికి రానివాళ్ళు గుర్తొచ్చారు. కబురంది మామ, అత్తమ్మ పరుగున వచ్చారు. మామ వస్తూనే అంగీ ఎత్తి కుట్లు చూపించాడు. "గది నా రాయి సార్! గీడికెళ్ళే తీసిండ్రు." పోలీసుల మనసు కరగాలని అత్తమ్మ ఫ్లాస్కులో తెచ్చిన ఇలాచీ చాయ్ పోసింది. ఎస్సై రెండు గుక్కలు తాగి, సీసా ఊపాడు.

"రాయైతే పిండెట్లైంది? దేంట్ల నూరినవ్?"

నిజం చెప్తేనే బతుకుతాననిపించింది. "మా అత్తమ్మ ఇలాచీలు దంచే కల్వంల సార్."

ఎస్సై చేతిలో గ్లాసు గాలిలోనే ఆగిపోయింది. "ఓ అవ్వో! గిప్పుడు గుడ దాంట్లనే దంచి అచ్చిన!" అంటూ అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ మాత్రం "నా రాయిని పిండి చేసినవురా!" అని కూలబడ్డాడు. ఎస్సై పెరట్లోకి పరుగెత్తాడు. చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి, సీసా నా చేతిలో పెట్టాడు. "గిసోంటి అబద్ధం ఎవ్వడూ చెప్పడు. పో!"

మామ పోయి చాలా ఏళ్ళయింది. నా గడ్డమూ పోయింది. మొన్న నా కిడ్నీలోనూ రాయి ఉందని తెలిసి అత్తమ్మ ఫోన్ చేసింది. "తీసినంక పారెయ్యకు అల్లుడా. గా కల్వం అట్లనే ఉన్నది. గప్పటిసంది దాంట్ల ఏం దంచలే."

నవ్వబోతే పక్కలో పోటు పొడిచింది. ఇంత బాధ పెట్టినదాన్ని మామ సీసాలో పెట్టి అందరికీ ఎందుకు చూపించేవాడో అప్పుడర్థమైంది. నాదీ దాచుకుంటాను. ఎవరడిగినా నూరడానికి మాత్రం ఇవ్వను.