పూడిక తీయకముందు

నా చిన్నప్పుడు మా క్యాంపు కాలువకు చిట్టచివర ఉండేది. కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి, రాయచూరు వైపు సిరవార దగ్గర పొలాలు కొనుక్కున్న పాతిక ఇళ్లవాళ్లం. పై ఊళ్లు తడిసి మిగిలిందే మాకు. నా పదకొండో ఏట ఆ మిగిలింది కూడా రాలేదు. పైన నాలుగు మైళ్ల మేర కాలువ పూడిపోయింది. అది తీయించమని మా పెద్దలు అర్జీ పెట్టారు. చూడటానికి ఒక అధికారి వస్తున్నాడని కబురు వచ్చింది. నాట్లు వేసిన చేలు అప్పటికే నెర్రెలిస్తున్నాయి.

ఏ పనికైనా ఇంటికొక మనిషి కదలడం మా క్యాంపు కట్టుబాటు. అధికారి వచ్చేలోగా మా హద్దులోని కాలువనైనా బాగుచేసుకుందామని అందరూ పారలు పట్టారు. ఆడవాళ్లు, పిల్లలం తట్టలు అందుకున్నాం. పక్కింటి మామ్మ మాత్రం గట్టు మీద అడ్డంగా నిలబడింది. ఆవిడకు నా అన్నవాళ్లు లేరు. ఉన్నదల్లా ఎకరంన్నర వరి.

“కాస్త మేరైనా కదపకుండా ఉంచండ్రా. వచ్చినాయన ఏం చూసి నమ్ముతాడు?” అంది.

“చుట్టం వస్తుంటే వాకిలి ఊడవకుండా ఉంచుతామా మామ్మా? పరువుండొద్దూ!” అన్నాడు మా బాబాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మామ్మ నా తట్ట దింపించింది. పూడిక ఎక్కడెక్కడ ఎంత ఎత్తుందో రాసి, పెద్దల చేత వేలిముద్రలు వేయించమంది. ఆవిడకు చదువు రాదు. నాకు వచ్చు, ఇంట్లో కొత్త నోటుపుస్తకం కూడా ఉంది. రేపు రాస్తాలే అన్నాను. ఆ రేపటికి మా కాలువలో తట్టెడు మన్ను లేదు.

అధికారి జీపు దిగి, మా ఇళ్లల్లో భోంచేసి, గట్టు మీద కాసేపు నడిచాడు. కాలువ చక్కగా ఉందన్నాడు. మేం పొంగిపోయాం. పైకి వెళ్లి చూడమని గట్టిగా అడిగినవాళ్లు లేరు. మన ఇంట అన్నం తిన్న మనిషిని నిలదీయడం మర్యాద కాదనుకున్నారు.

కొన్నాళ్లకు మామ్మ నన్ను వెంటబెట్టుకుని గేటు చూసే లస్కరు దగ్గరికి వెళ్లింది. అతను రాయచూరు మనిషి, చెడ్డవాడేమీ కాదు.

“నేనేం జేయాలె అవ్వా? పూడిక లేదని సాబ్ రాసిండు. గంతే, మీ అర్జీ ఖతం” అన్నాడు.

మామ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ వారమే ఎండిన తన చేలోకి గేదెలను తోలింది. మరుసటి ఏడు పొలం అమ్మి వెళ్లిపోయింది.

ఆ నోటుపుస్తకమే నా మొదటి డైరీ. మొదటి పేజీ ఇప్పటికీ ఖాళీ. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యేనాటికి, ఏటా పూడిక కొలిచి రాసిన డైరీలతో బీరువా నిండింది. ఆ కొలతలతో ఎన్నో అర్జీలు రాశాం. జవాబులు వచ్చాయి. చివరి చేలకు నీళ్లే సరిగా రావడం లేదు.

ఈ ఏడు కూడా పూడిక తీయడానికి క్యాంపు కుర్రాళ్లు కూడి వచ్చారు. గట్టు మీద అడ్డంగా నిలబడి, చేతికర్రతో కొలిచి రాసుకునేదాకా పార దించవద్దన్నాను.

“ఫోన్లో ఫొటో తీస్తే పోద్ది గదా మామ్మా!” అని నవ్వారు. ఇప్పుడు నేనే మామ్మను. తీయండర్రా, అదీ తీయండి అన్నాను. ఆఖరి కొలత రాసి, వాళ్ల చేత సంతకాలు పెట్టించుకున్నాకే పక్కకు జరిగాను.