సంతకం పైన ఖాళీ జాగా

మా పంతులమ్మ పోయింది. మంగళవారం పొద్దున నేను వంకాయ మడికి నీళ్లు కడుతుంటే చర్చి గంట వినపడింది. ఆదివారం కాని రోజు గంట మోగిందంటే మా వాడలో అందరికీ తెలుసు. పక్కింటి కోడలు గట్టు మీద నుంచి, "పెద్దయ్యా, పంతులమ్మ పోయింది" అని కేకేసి ఉరికింది. నేను పార పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. మడి నిండి, నీళ్లు పక్క చేలోకి పొర్లిపోయాయి.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంఘం పెద్దలు నన్ను అడిగారు. చదువుకున్నవాడిని కదా అన్నారు. నా చదువు మొయినాబాద్ దగ్గర మా ఊరి మిషన్ బడిలో నాలుగో తరగతి. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడినవాణ్ని కాను. అయినా ఒప్పుకున్నాను. పంతులమ్మకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర చాలా ఏండ్లుగా ఉండిపోయింది. ఇక ఆమెకు చెప్పలేను. ఈ కాగితంలో చెప్పకపోతే ఎక్కడా చెప్పను.

ఆమె నాకంటే ఆరేండ్లు చిన్నది. మా బడి పంతులుగారి భార్యగా ఊరికి వచ్చింది. ఆయన జ్వరంతో పోయాక, మిషన్ వాళ్లు వేరే పంతులును పంపేలోగా పిల్లలు పాఠాలు మరిచిపోతారని తానే బడి తలుపు తీసింది. తర్వాత ఎవరినీ పంపలేదు. పంపాల్సిన అవసరం లేకపోయింది.

ఆమె చేతిలో ఎప్పుడూ గుండ్రటి రూళ్లకర్ర ఉండేది. దానితో ఎవరినీ కొట్టేది కాదు, గీతలు గీసేది. పట్నంలో పనికి పోయినవాళ్లకు మేము ఉత్తరాలు రాయించుకునేవాళ్లం. ఉత్తరం అయిపోయాక కాగితంలో ఎంత జాగా మిగిలితే అంత జాగా మీద పైనుంచి కిందికి గీత కొట్టి, అప్పుడు పేరు పెట్టించేది. మా అవ్వ ఒకసారి, "గంత మంచి కాగితం గీతలతోని ఖరాబు జేస్తున్నవేందమ్మా?" అని అడిగింది.

"ఖాళీ జాగ ఉంటే ఎవడన్న వచ్చి కూసుంటడు అవ్వా" అన్నది పంతులమ్మ.

అందరం నవ్వాము. నేనూ నవ్వాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజుల్లో ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసులు ఎవరి ఇల్లయినా వెతికి, ఊరివాళ్లలో ఇద్దరిని సాక్షులుగా పిలిచేవాళ్లు. వాళ్లను పంచులు అనేవారు. ఏం దొరికిందో పంచులు కళ్లారా చూడాలి, చూసినది కాగితం మీద రాయాలి, కింద పంచులు సంతకం చేయాలి. అదీ పంచనామా. కానీ కాగితం ఉర్దూలో ఉండేది. మాకు ఉర్దూ అక్షరం తెలియదు. చూడటానికి పిలిచేదీ లేదు. సంతకం వచ్చినవాడు కావాలి, అంతే. మా వాడలో సంతకం వచ్చినవాణ్ని నేను. అందుకని నన్నే పిలిచేవాళ్లు. పిలిచిన ప్రతిసారీ పోయి పెట్టి వచ్చేవాణ్ని.

ఒకసారి దొర ఇంట్లో వెండి చెంబు పోయింది. మా వాడ సామేలును పట్టుకున్నారు. సామేలు దొంగ కాదని ఊరంతటికీ తెలుసు. అంతకు నెల ముందు ఠాణా జవాన్లు ఊరికే కోళ్లు పట్టుకుపోతుంటే, "మా పిల్లలు గూడ తింటరు సాబ్" అన్నాడు. ఆ మాట వాళ్లకు గుర్తుంది.

నన్ను చావడికి పిలిచారు. ఠాణా రాతగాడు బల్ల చూపించి, "రావయ్య చదువుకున్నోడా, కూసో" అన్నాడు. చావడిలో మా వాళ్లు ఎవరూ కూర్చోరు. నేను మొదటిసారి కూర్చున్నాను. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు సంతోషమైంది. అది దాచను.

తెల్ల కాగితం నా ముందు పెట్టి, అడుగున వేలు చూపించాడు. "ఇక్కడ పెట్టు."

"పైన ఏం లేదు గద సాబ్?"

"రాస్త. ఏం జరిగితే అదే రాస్త. నీకెందుకు ఫికర్?"

నేను సంతకం పెట్టాను. ఊరికే పెట్టలేదు, కుదురుగా, చివరి అక్షరానికి తోక లాగి మరీ పెట్టాను. బయట సామేలును గుంజకు కట్టి నిలబెట్టారు. నేను వచ్చేటప్పుడు నన్ను చూసి తల ఊపాడు. నేను లోపల ఉన్నాను కాబట్టి తనకు మేలే జరుగుతుందని అనుకున్నాడేమో.

వాణ్ని తొమ్మిది రోజులు ఠాణాలోనే ఉంచారు. ఒప్పుకొమ్మని కొట్టారు. సామేలు పొయ్యి కింద తవ్వితే, నా కళ్ల ముందు వెండి చెంబు దొరికిందని ఆ కాగితంలో రాశారు. పంతులమ్మ ఆ కాగితం నకలు తెప్పిస్తే, పట్నంలో ఉర్దూ వచ్చిన ఒక పాస్టరు చదివి ఈ సంగతి ఆమెకు చెప్పాడు. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది.

"అన్నా, నువ్వు సామేలు ఇంట్ల చెంబు చూసినవా?"

"లేదు."

"వాని ఇంట్లకు పోయినవా?"

"పోలే."

"ఈ మాటనే పెద్ద సాబ్ ముందర చెప్తవా?"

"చెప్త" అన్నాను.

అప్పటికే పట్నం నుంచి ఒక పెద్ద అధికారి ఠాణాల తనిఖీకి వచ్చి చేవెళ్లలో డేరా వేసి ఉన్నాడు. ఆయన దగ్గరికి పంతులమ్మ అర్జీ తీసుకుపోయింది. అందులో సామేలు సంగతి ఒక్కటే కాదు, మూడు కోరికలు రాసింది. పట్టుకున్న మనిషిని ఒక్క రోజు కంటే ఎక్కువ ఠాణాలో ఉంచవద్దు. ఒప్పుకొమ్మని కొట్టవద్దు. పంచనామా తెలుగులో చదివి వినిపించాకనే పంచులు సంతకం పెట్టాలి. ఈ మూడూ సర్కారు చట్టం చేయాలి, ఏ ఠాణావాళ్లు తప్పినా శిక్ష ఉండాలి అని రాసింది. ఎప్పటిలాగే కింద మిగిలిన జాగాకు గీత కొట్టింది.

ఎడ్లబండిలో పోయాము. ఆమె, నేను, సామేలు భార్య రూతమ్మ. దారిలో రూతమ్మ ఏడుస్తుంటే పంతులమ్మ, "ఊకో, అన్న ఉన్నడు గద మనతోని" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది.

డేరాలో ఆ అధికారి మర్యాదగానే మాట్లాడాడు. మా ఠాణాకు పెద్ద అయిన అమీన్ ఆయన వెనుక నిలబడి ఉన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

అధికారి కాగితం నా ముందుకు జరిపాడు. "ఈ సంతకం నీదేనా?"

"నాదే సాబ్."

"చెంబు నీ ముందర దొరికిందా?"

సామేలుకు పట్టిన గతి నాకూ పడుతుందని భయం. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టానని అంతమందిలో ఎట్లా చెప్పను? చదువుకున్నోడా అని పిలిచి బల్ల వేశారు కదా.

"సంతకం నాదే సాబ్" అన్నాను మళ్లీ.

పంతులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "సాబ్, ఆయనకు ఉర్దూ చదువరాదు. కాగితంల ఏమున్నదో ఆయననే అడుగుండ్రి."

"చదువరానోడు సంతకం ఎందుకు పెట్టిండు?" అన్నాడు అధికారి.

ఆమె నా వైపు తిరిగింది. నేను డేరా మేకు వైపు చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వస్తుంటే సగం దారిలో పంతులమ్మ మూట విప్పి జొన్నరొట్టె తుంచి నాకు ఇచ్చింది. "తిను అన్నా. పొద్దుగాల నుంచి ఏం తినలే." నేను తిన్నాను. రూతమ్మ ఎదురుగా కూర్చుని ఉండగా తిన్నాను.

సామేలుకు ఏడాది జైలు పడింది. తిరిగి వచ్చేసరికి కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. కొడవలి పట్టలేకపోయాడు. అజీజ్‌నగర్ వైపు ఒక తోటలో కాపలాకు కుదిరి, పెండ్లాం పిల్లలతో అక్కడికే పోయాడు. పోయేముందు మా ఇంటి ముందు నుంచే బండి పోయింది. నేను లోపలే ఉన్నాను.

పంతులమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను ఏడ్చి బయటపడేవాణ్ని. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. అక్షరాలకు ముందు ఒక మాట నేర్పింది: "చదివి వినిపించుండ్రి, తర్వాత పెడతం." ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ పాటలాగా ఆ మాట అనేవాళ్లు. నేను వెనుక వరుసలో కూర్చొని పెదవులు మాత్రం కదిపేవాణ్ని.

ఆ తర్వాత ఇంకేదో తగాదాకు ఠాణా రాతగాడు మా వాడకు కాగితం తెచ్చాడు. వేలిముద్ర కోసం మా మేనత్త చెయ్యి పట్టుకోబోతే ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

"చదివి వినిపించు."

"ఏందే ముసల్దానా, ఇది మీ బడి అనుకున్నవా?"

"బడి అయితే మంచిగుండు. తప్పు రాస్తే బడిల పంతులమ్మ తుడిపిస్తది."

వాడంతా నవ్వింది. రాతగాడు తిట్టుకుంటూ కాగితం మడిచి పోయాడు. దాంతో అన్నీ బాగుపడ్డాయని నేను చెప్పను. వేరే ఊళ్లో వేరే ఎవరో సంతకం పెట్టే ఉంటారు. కానీ మా వాడలో మళ్లీ ఎవరూ ఖాళీ కాగితం మీద వేలు పెట్టలేదు.

బడి రిజిస్టరులో పెద్దల సంతకాలు తీసుకునేటప్పుడు అందరికీ లాగే నాకూ ఖాళీ మీద గీత కొట్టి, "ఇప్పుడు పెట్టు అన్నా" అనేది. నా దగ్గర రూళ్లకర్ర కొంచెంసేపు ఎక్కువ ఆగినట్టు ఉండేది. అది నా మనసే కావచ్చు.

కాలం మారింది. సర్కారే మారింది. పోయిన నెల, ఢిల్లీలో దేశమంతటికీ రాజ్యాంగం రాస్తున్న సంగతి పత్రికలో పడితే తీసుకుని ఆమె దగ్గరికి పోయాను. మంచం మీద ఉంది, చూపు సరిగా ఆనడం లేదు. నేను చదివాను. పట్టుకున్న మనిషికి ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయరాదు.

"మళ్లొక్కసారి చదువు" అన్నది. చదివాను. వేళ్లు మడిచింది. "నా అర్జీల మొదటిది ఉన్నది. రెండోది ఉన్నది. మూడోది లేదా?"

"కాగితం చదివి వినిపించాలన్నదా? అది లేదమ్మా."

ఆమె నవ్వింది. "గది ఢిల్లీల ఎట్ల రాస్తరు అన్నా? గది మన చేతిల ఉన్నదాయె."

అప్పుడు చెప్పాల్సింది. ఆమె నా వైపే ముఖం పెట్టి ఉంది. నేను పత్రిక మడిచి, "పడుకో అమ్మా, అలిసిపోయినవు" అని లేచి వచ్చాను.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. వెండి చెంబు నా ముందర దొరకలేదు. సామేలు ఇంట్లోకి ఆనాడు నేను అడుగే పెట్టలేదు. నేను పెట్టింది తెల్ల కాగితం మీద సంతకం. ఇది అడిగినవాళ్ల ముందు చెప్పలేదు. అదే నా తప్పు.

సమాధి చేయడానికి సామేలు వచ్చాడు. వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎడమచేత్తో మట్టి వేశాడు. అయ్యాక సంఘం పెద్ద చర్చిలో సమాధుల రిజిస్టరు తెచ్చి, ఇద్దరు సంతకాలు పెట్టాలి అన్నాడు. పంతులమ్మ రూళ్లకర్ర ఆ బల్ల మీదే ఉంది. సామేలు ముందుకు వచ్చాడు. వాడికి ఎడమచేత్తో రాయడం ఆమె నేర్పిందట. నెలకొకసారి అజీజ్‌నగర్ దాకా నడిచి పోయి మరీ నేర్పిందట. ఆ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు.

"సామేలూ, ఆ చెంబు..." అన్నాను.

"నాకు ఎరుకే అన్నా. పంతులమ్మకు గూడ ఎరుకే. నువ్వే చెప్తవని చూసింది."

రిజిస్టరులో రాసింది పైనుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు. మిగిలిన జాగాకు రూళ్లకర్ర ఆనించి, ముడుచుకుపోయిన కుడిచేతి మణికట్టుతో అదిమిపట్టి, ఎడమచేత్తో మెల్లగా గీత గీశాడు. గీత కింద పేరు పెట్టాడు. కలం నాకు ఇచ్చాడు.

"చదువుకొని పెట్టు అన్నా."

చదివాను. రెండుసార్లు చదివాను. సామేలు గీసిన గీత ఇంకా ఆరలేదు. నేను సంతకం పెడుతుంటే చెయ్యి తగిలి, దాని కొస కొంచెం చెదిరింది.