వీధిపోటు ఇంటికి వచ్చిన గుమ్మడికాయ

ఇరవై రెండేళ్లుగా ఒక ఇంటి బరువు మోస్తున్నాను. ఆ ఇల్లు ఇప్పుడు నాది కాదు, అమ్మేశాను. బరువు మాత్రం కొన్నవాళ్లతో వెళ్లలేదు.

మీరెవరో నాకు తెలియదు. నారాయణగూడ హాల్లో ముందు వరుసలో కూర్చుని నా ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవారే కావచ్చు. అలాగైతే మీకే ముందు చెప్పాలి. పేరు రాయడం లేదు. అందుకేదో గొప్ప కారణం ఉందని రాయబోయి ఆగాను. పిరికితనం, అంతే.

నేను హేతువాదిని. జాతకాలను, ముహూర్తాలను, వాస్తును నలభై ఏళ్లుగా ఎండగడుతున్నాను. వాదానికి వచ్చిన ఏ పండితుణ్ణీ వేదిక మీద వదిలిపెట్టలేదు. ప్రతి ఉపన్యాసాన్నీ ఒకే మాటతో ముగిస్తాను: ఆలోచించండి. వాస్తు అబద్ధమని నిన్న అన్నాను, రేపూ అంటాను. నేను చేసిన తప్పు వల్ల అది నిజమైపోదు. కానీ ఒక మనిషి చేత దాన్ని నమ్మించినవాణ్ణి నేను. అది చెప్పడానికే కూర్చున్నాను.

పుట్టి పెరిగింది చిక్కడపల్లిలో. ఉద్యోగం మాత్రం నగరానికి మూడు గంటల దూరంలో, ఒక సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ ఏర్పడిన చిన్న ఊళ్లో. ఫ్యాక్టరీ బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఉతికి ఆరేసిన బట్టలను దులిపి తొడుక్కునే ఊరది. కార్మికులకు క్వార్టర్లు ఉండేవి. రిటైరయిన రోజే తాళం చెవి తిరిగి ఇచ్చేయాలి. అందుకని ఆ ఊళ్లో పెళ్లయిన ప్రతివాడికీ ఒకటే చింత, రిటైరయ్యేలోగా సొంతంగా రెండు గదులు. నాకు క్వార్టరు కూడా రాలేదు. మా ఆవిడ, నేను, మా అబ్బాయి ఓ రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. పుస్తకాలు మంచం కింద ఉండేవి.

ఫ్యాక్టరీలో రాళ్లు పిండిచేసే క్రషర్ మీద పనిచేస్తూ క్వార్టర్లలో ఉండే మల్లేశం తరచూ మా ఇంటికి వచ్చేవాడు. నా మీటింగులకు కుర్చీలు వేసేది అతనే. ఒక ఆదివారం పొద్దున భార్య భాగ్యమ్మను, నాలుగేళ్ల కూతురు సరితను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫ్యాక్టరీ స్టోర్‌కీపరు తన ఇల్లు అమ్మి సొంతూరికి పోతున్నాడట. ఇంకా ఎవరికీ చెప్పలేదట. ఫ్యాక్టరీ గేటు నుంచి వచ్చే రోడ్డు నేరుగా ఆ ఇంటి గుమ్మానికి తగులుతుంది. వీధిపోటు. అలాంటి ఇంట్లో ఉంటే ప్రాణాల మీదికి వస్తుందని ఊరంతా అంటుంది. ఎవరూ కొనరు కాబట్టే మల్లేశానికి అందే ధరకు వచ్చింది. నాకూ అందే ధరే. ఈ లెక్క నా మనసులో ఎప్పుడు మొదలైంది? అతను చెబుతుండగానే మొదలైంది. ఇన్నాళ్లూ 'తర్వాతెప్పుడో తోచింది' అని నాకు నేనే చెప్పుకున్నాను.

"మీరు చదువుకున్నోళ్లు సార్," అన్నాడు మల్లేశం. "గీ వీధిపోటు ముచ్చట నిజమా, ఉత్తదా? మీరొక్క మాట చెప్తే రేపే బయానా ఇస్త."

"ఆయనకేం భయం లేదు, నాకే జర పరేషాన్," అంది భాగ్యమ్మ. "మీరు ఉత్తదే అనుండ్రి సార్. మా అత్తతోని నేను కొట్లాడుకుంట. ఎట్లనన్న రోజు కొట్లాడేదే గద."

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఆగాక నేను ఒక్క మాట అంటే చాలు. వందల మంది ముందు గొంతు చించుకుని చెప్పిన మాటే, అడిగింది ఇద్దరే. ఏం చెప్పాలో నాకు తెలుసు. తెలిసి కూడా, గచ్చు మీద కూర్చుని నా సుద్దముక్కతో గీతలు గీస్తున్న పిల్ల వైపు చూశాను. కావాలనే కాసేపు చూశాను.

"నేనైతే నమ్మను," అన్నాను. "కానీ చిన్నపిల్ల ఉంది కదమ్మా. ఆలోచించుకోండి."

భాగ్యమ్మ ముఖంలో నవ్వు పోయింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"సార్ గూడ గట్లంటున్నడంటే ఏదో ఉన్నట్టే," అంది మొగుడితో. "వద్దు తియ్యి."

మల్లేశం నా వైపు చూశాడు. నేను ఇంకేమైనా అంటానని చూశాడు. నేను చాయ్ పెట్టమని లోపలికి కేకేశాను.

ఎన్నిసార్లు ఆ మాటను విప్పి చూశానో. ఒక్క అబద్ధమూ లేదు. నేను నమ్మను, నిజం. పిల్ల ఉంది, నిజం. ఆలోచించమన్నాను, అదైతే నా జీవితమంతా చెప్పిన మాట. మనుషుల భయం పోగొట్టడానికి వాడిన మాటను, ఒక తల్లికి భయం పుట్టించడానికి వాడాను. జాతకాలు చెప్పేవాళ్లు కూడా అంతే కదా, పిల్లల పేరెత్తి నోరు మూయిస్తారు. వాళ్లను నేను వేదిక మీద ఏమని పిలిచానో మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లలో చాలామంది తాము చెప్పేది నమ్మి చెబుతారు. నాకు ఆ సాకు కూడా లేదు.

అయిదో రోజున స్టోర్‌కీపరుకు నేను బయానా ఇచ్చాను.

మల్లేశం ఏమనుకున్నాడో తెలియదు, అడగలేదు. ఆ తర్వాత కుర్చీలు వేయడానికి మాత్రం రాలేదు. ఆషాఢ అమావాస్య నాడు, రాహుకాలం చూసి మరీ గృహప్రవేశం చేశాను. పాలు పొంగించలేదు, పంతులును పిలవలేదు. వచ్చినవాళ్లకు మిర్చి బజ్జీలు, చాయ్ ఇచ్చి గుమ్మంలో నిలబడి అరగంట మాట్లాడాను. ఆ రోజు భాగ్యమ్మ వచ్చింది. కొంగు చాటున బూడిద గుమ్మడికాయ. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. గుమ్మానికి కట్టమంది. మీకు నమ్మకం లేకపోతే పోనీ, మీ పిలగాని కోసమన్నా కట్టుండ్రి అంది. ఆమె కళ్లలో నీళ్లు. ఆ కాయను అందరి ముందు కోయించి వడియాలు పెట్టించాను.

ఆ వడియాల కథ మీరు విన్నదే. నారాయణగూడలో చెప్పాను, విద్యానగర్‌లో చెప్పాను, పత్రికలో రాశాను. వీధిపోటు ఇంట్లో పదిహేనేళ్లు ఉన్నాను, మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, ఇంతకంటే రుజువేం కావాలి అంటాను. తర్వాత ఏడుస్తూ గుమ్మడికాయ తెచ్చిన ఆ ఊరి ఆవిడను అనుకరిస్తాను. హాలు నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ఆమె గొంతును కొంచెం సాగదీయడం కూడా నేర్చుకున్నాను.

రిటైరయ్యాక ఆ ఇల్లు అమ్మి అశోక్‌నగర్‌లో ఫ్లాటు కొన్నాను. ఇది రాస్తున్నది అందులోనే. కింద వీధి నిండా హాస్టళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు. పోయిన వానాకాలం చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఒక అమ్మాయి నన్ను ఆపింది. మల్లేశం బిడ్డనని చెప్పింది. సరిత. గ్రూప్స్‌కు చదువుతోంది. చాయ్ బండి దగ్గర నిలబడి అన్నీ చెప్పింది. నాన్న రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేశారు. ఆ తర్వాత ఇళ్ల ధరలు అందలేదు. ఇప్పటికి నాలుగు కిరాయి ఇళ్లు మారారు. ప్రతిసారీ అమ్మ గుమ్మం ఎటుందో చూపించుకోనిదే సామాను దించనివ్వదట. ఒకసారైతే సగం దించిన సామానును మళ్లీ ఆటో ఎక్కించిందట. చెబుతూ సరిత నవ్వింది. నాకూ నవ్వు వస్తుందనుకుంది.

"మా అమ్మకు మీరంటే శాన గురి సార్," అంది. "మీటింగులల్ల కాదన్నా, మా మీద పాణంతోని నిజం చెప్పిండ్రంటది. గా గండం మీ మీద ఏసుకున్నరంటది. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు మీ పిలగాని పేరు గూడ తల్సుకుంటది."

చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. బాగా చదువుకో అన్నాను. ఆమె హాస్టల్ సందులోకి తిరిగేదాకా నిలబడ్డాను. వెనక్కి పిలవొచ్చు. పిలవలేదు.

ఎన్ని వేల మంది చేత నమ్మకాలు మాన్పించానో చెప్పుకుంటూ తిరిగాను. ఎంతమంది మానారో నాకు తెలియదు. ఒక్క మనిషి మాత్రం నా మాట విని నమ్మడం మొదలుపెట్టింది. ఆమె సంగతి నాకు ఖచ్చితంగా తెలుసు.

ఈ కాగితాలు పత్రికకు ఇచ్చే ముందు సరితకు ఇస్తాను. పేరు లేకపోయినా ఆమెకు తెలుస్తుంది. అమ్మకు చదివి వినిపిస్తుందో, చింపేస్తుందో ఆమె ఇష్టం. క్షమించమని అడగను. అడిగితే భాగ్యమ్మ క్షమిస్తుందేమోనని నా భయం.

వచ్చే ఆదివారం మీటింగులో వడియాల కథ మళ్లీ చెప్పమన్నారు. ఇన్నేళ్లూ ఆ కథలో ఒక్క వాక్యం వదిలేసి చెప్పాను. గుమ్మడికాయ తెచ్చిన మనిషే, ఆ ఇల్లు కొనుక్కోవలసిన మనిషి.

ఇదిగో, చెప్పాను.