ఆ ఏడుగురిలో లేని మనిషి

నిజాం ఏలుబడి ముగిసి నెల కూడా కాలేదు. ఇబ్రహీంపట్నంలో పట్నం పోయే బస్సెక్కి కూర్చున్నాను. ఆ ఏడు ఎండాకాలంలో నిజాం పక్షాన తిరిగే దోపిడీ మూక ఒకటి మా ఇంటికి నిప్పుపెట్టింది. ఆ రోజు నేను ఊళ్ళో లేను. చేసినవాళ్ళెవరో చూడలేదు గనుక వాళ్ళ మతం వాళ్ళందరి మీదా కోపం పెంచుకున్నాను.

బస్సు కదలబోతుండగా బురఖా వేసుకున్న ముసలమ్మ ఒకామె మూట పట్టుకుని ఎక్కింది. లోపల మాటలు ఆగిపోయాయి. ఎవరూ జరగలేదు. నేనైతే పక్కన ఖాళీగా ఉన్న చోట నా సంచి పెట్టాను.

ఎదుటి బల్ల మీద ముప్పై ఏళ్ళ రైతు స్త్రీ కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. ఆమె ఇరుకులోనే జరిగి, "ఇట్ల కూసో అమ్మా" అంటూ ముసలమ్మ చేతిలోని మూట అందుకుంది.

నేను ఉండబట్టలేకపోయాను. "వాళ్ళు మనల ఏం జేసిన్రో నీకు ఎరుకలేదా అక్కా?"

ఆమె మూటను ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఎరుకే తమ్మీ. నా పెనిమిటిని నా కండ్ల ముంగటనే నరికిన్రు. ఏడుగురొచ్చిన్రు. ఒక్కొక్కని మొఖం నాకు యాదున్నది. ఈ అమ్మ అండ్ల లేదు."

ఆ తెలుగు ఎంత అర్థమైందో గాని, ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "జీతీ రహో బేటీ" అని దీవించింది.

నేను సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పట్నం చేరేదాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు.